జాబెజ్ సారు కొట్టేసిన ముప్పై ఏడు మాటలు

బళ్ళారిలో బ్యాంకు పరీక్షలకు చదివిన వాళ్ళెవరినైనా అడిగి చూడండి. జాబెజ్ సారు పేరు వినగానే ముందు నవ్వుతారు, ఆ తరువాత దండం పెడతారు. మోతీ సర్కిల్ దగ్గర ఒక టైర్ల షాపు, దాని మీద కోచింగ్ సెంటరు, అందులో రీజనింగ్ చెప్పే మనిషి ఆయన. రీజనింగులో బొమ్మలుంటాయి, గడియారాలుంటాయి, ఎవరు ఎవరికి మేనమామ అవుతారో తేల్చే లెక్కలుంటాయి. సారుకు అవన్నీ చిల్లర. ఆయన ప్రాణమంతా ఒకే పాఠంలో ఉండేది. ఒక ప్రశ్న ఇస్తారు, కింద రెండు వాదనలు ఇస్తారు. ఏది స్ట్రాంగు, ఏది వీకు అన్నది చెప్పాలి. అంతే పాఠం. దాన్ని ఆయన పదిహేనేళ్ళు చెప్పాడు, చెప్పిందాన్ని నమ్మాడు. ఆ రెండోదే ఆయన చేసిన పొరపాటు.

పాఠం చెప్పి ఊరుకునే రకమైతే మనకీ గొడవే లేదు. సుద్దముక్క కింద పెట్టాక కూడా మార్కులు వేస్తూనే ఉండేవాడు. భార్య యూనీస్ బెండకాయ వేపుడు చేసి పెడితే, ఈ పొద్దు బెండకాయ ఎందుకని అడిగేవాడు. “మీకిష్టమని” అనేది ఆ ఇల్లాలు. “ఒక మనిషికి ఇష్టం అనేది కారణం కాదు యూనీస్, వీక్” అని, ఆ వీక్ వేపుడునే రెండుసార్లు వడ్డించుకుని తినేవాడు. ఆమెకు మొదట్లో ఒళ్ళు మండేది, తరువాత నవ్వొచ్చేది, ఇంకొన్నాళ్ళకు ఏదీ రావడం మానేసింది.

అంత తెలివైనవాడు తానే బ్యాంకులో ఎందుకు చేరలేదంటారా? చేరబోయాడు. రాత పరీక్ష ఏడుసార్లు రాసి, ఏడుసార్లూ రీజనింగులో నూటికి నూరు తెచ్చుకున్నాడు. మిగతా సబ్జెక్టుల పుణ్యమా అని ఇంటర్వ్యూ దాకా పోయింది ఒక్కసారే. బల్లకు అవతలి పెద్దాయన మర్యాదగా, “బ్యాంకు ఉద్యోగమే ఎందుకు కావాలి మీకు?” అని అడిగాడు. మనవాడు, “ఈ ప్రశ్నకు అందరూ చెప్పే జవాబులన్నీ వీక్ సార్” అన్నాడు. పెద్దాయన థాంక్యూ అన్నాడు. తన నిజాయితీకి ముచ్చటపడి అన్నాడనుకుని జాబెజ్ మూడు నెలలు ఉత్తరం కోసం చూశాడు పాపం.

సండూరు రోడ్డులో బండెహళ్ళి ఆయన ఊరు, రోజూ అక్కడి నుంచే బళ్ళారికి వచ్చిపోయేవాడు. ఊరికి ఒక పక్కన మిషన్ లైను ఉండేది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళ కోసం దొరలు కట్టించిన పన్నెండు ఇళ్ళు, వాటి చివర ఒక చిన్న ప్రార్థనా మందిరం. తండ్రి ఆ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి ప్రభువును చేరుకున్నాడు. తల్లి సరోజమ్మ అక్కడే ముప్పై ఏళ్ళు ఆయాగా చేసింది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఇన్ని ఊపిర్లు పోయించిన మనిషికి చివరికి తన ఊపిరే కరువైంది. ఆయాసం. చలికాలంలో కాస్త, గాలి దుమారంలో ఎక్కువ.

ఆ గాలి దుమారం ఎర్రగా మారిన కాలమది. చైనాలో ఏవో ఆటల కోసం స్టేడియాలు కడుతున్నారట, దానికి ఇనుము కావాలట అని టీ అంగళ్ళలో చెప్పుకునేవాళ్ళు. ఎక్కడి చైనా, ఎక్కడి బండెహళ్ళి! కానీ సండూరు కొండల నుంచి లారీ వెంట లారీ దిగుతూనే ఉండేది. నిన్నటిదాకా ఉల్లిగడ్డలు పండించినవాడు ఈరోజు టిప్పరు కొని, దాని ముందద్దానికి ఇంట్లో ముగ్గురి పేర్లూ రాయించేవాడు. రోడ్డు పక్క వేపచెట్లు ఎర్రబడ్డాయి, మేకలు ఎర్రబడ్డాయి, తెల్ల పంచె కట్టే పెద్దమనుషులు బుద్ధి తెచ్చుకుని కాషాయానికి మారారు.

కోచింగ్ సెంటరు కూడా పలచబడింది. సారు దగ్గర చదివిన వాళ్ళలో చురుకైనవాడు హనుమేష్ అని ఉండేవాడు. వాడొకరోజు క్లాసులో లేచి నిలబడ్డాడు. “సార్, ఒక ఆర్గ్యుమెంటు చెప్తా. పరీక్ష రాస్తే జాబు వస్తాదో రాదో తెలీదు. మైన్స్ కంపెనీలో చేరితే రేపట్నించే జాబు. స్ట్రాంగా, వీకా?” అన్నాడు. సారు అబద్ధం చెప్పలేడు. “స్ట్రాంగే” అన్నాడు. హనుమేష్ దండం పెట్టి వెళ్ళిపోయాడు. వాడి వెనకాల ఇంకా పదకొండు మంది వెళ్ళారు. తన నోటితోనే తన క్లాసు ఖాళీ చేయించుకున్న మేష్టరు బళ్ళారి జిల్లాలో ఈయనొక్కడే అయ్యుంటాడు.

అట్లా ఉండగా బండెహళ్ళికి పడమట, ఊరికి ఆనుకుని ఉన్న చేలల్లో క్రషర్ పెట్టబోతున్నామని ఒక కంపెనీ కాగితం అంటించింది. కొండరాయిని తెచ్చి పిండి చేసి జల్లించే ప్లాంటు. పడమట అంటే ఊరికి గాలి వచ్చే దిక్కు. ఆషాఢంలో ఆ గాలికి ఇంటి పైరేకులే లేచిపోతాయి. రోడ్డు మీద లారీలకే సరోజమ్మ కిటికీకి తడిగుడ్డ కట్టుకుని కూర్చుంటోంది. ఇక క్రషర్ కూడా వస్తే ఆ మనిషి ఆ ఇంట్లో బతకలేదు. ఈ సంగతి ఆసుపత్రి డాక్టరు యూనీస్‌కు చెప్పాడు, యూనీస్ జాబెజ్‌కు చెప్పింది, ఆ రోజు జాబెజ్ అన్నం సరిగా తినలేదు. తల్లి అంటే ప్రాణం ఆయనకు. దీన్ని మనసులో పెట్టుకోండి, లేకపోతే ముందు జరగబోయేది విని ఆయన్ను తిట్టుకుంటారు.

కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. ఫలానా తేదీన బడి ఆవరణలో జనం మాట వింటారు, అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చు. పంచాయతీలో పెద్దమనిషి హంపయ్య తిన్నగా జాబెజ్ ఇంటికొచ్చాడు. “మేష్టరప్పా, మాకు మాట్లాడేది గొత్తు లేదు. నువ్వు బ్యాంకోళ్ళను తయారు చేస్తాండావు. మమ్మల్ని గూడా తయారు చెయ్యి” అన్నాడు. జాబెజ్ గుండె పొంగింది. పదిహేనేళ్ళ చదువు సొంత ఊరికి, కన్నతల్లికి పనికొచ్చే రోజు రానే వచ్చిందనుకున్నాడు.

యూనీస్ మూడు మధ్యాహ్నాలు మందిరం వసారాలో కూర్చుని, వచ్చినవాళ్ళు చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసింది. హిందువులూ వచ్చారు, క్రైస్తవులూ వచ్చారు. మొత్తం ముప్పై ఎనిమిది అభ్యంతరాలు తేలాయి. ఆదివారం ఆరాధన అయ్యాక అదే మందిరంలో బోర్డు నిలబెట్టి, అన్నీ దాని మీద రాసి, ఎర్రపెన్ను తీసుకుని జాబెజ్ మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిషన్ వాళ్ళ మందిరంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి, ఈ వారం నాకిట్లా జరిగింది, దేవుడు నన్నిట్లా ఆదుకున్నాడు అని చెప్పుకోవచ్చు. సరోజమ్మ సాక్ష్యం లేని ఆదివారం ఉండదు. పోయిన గొళ్ళెం దొరికినా సాక్ష్యమే. ఆ అరగంటా జాబెజ్ బెంచీ మీద అటూ ఇటూ కదిలేవాడు. ఒక మనిషికి జరిగింది దేనికీ రుజువు కాదని చిన్నప్పటి నుంచి ఆయన బాధ. ఇప్పుడా బాధ తీర్చుకునే అవకాశం దొరికింది.

“మొదటిది” అని చదివాడు. దొడ్డమ్మది. ఆమె పాలమ్ముకునే ముసలావిడ, మనిషి పొట్టి, గొంతు మాత్రం రెండూళ్ళకు సరిపోతుంది. దుమ్ము పడిన మేత తన బర్రె తినదు, లారీ హారను కొడితే బెదిరి పాలు ఎగ్గొడుతుంది అని రాయించింది.

“అవ్వా, ఇది వీక్. ఒక బర్రె సంగతి ఊరందరి సంగతి కాదు.”

“రెండు బర్రెలప్పా. ఇంగోటి ఈనేదానికుండాది.”

“రెండైనా వీకే” అని కొట్టేశాడు.

హంపయ్యది, తన గోడ పగులుతుందని. గోడ ఇప్పటికే పగిలి ఉందని జాబెజ్ గుర్తుచేశాడు. హంపయ్య “హౌదు” అని ఒప్పుకుని కూర్చున్నాడు. క్రషర్ వచ్చే చేలో మద్దిలేటి స్వామి గుండురాయి ఉంది, దాన్ని కదిలిస్తే స్వామికి కోపమొస్తుంది అన్నారు పదిమంది. నమ్మకాలు చెల్లవు, వీక్. పక్క ఊరివాళ్ళు కూడా వద్దన్నారట కదా అన్నాడొకడు. ఇంకొకళ్ళు అన్నారని మనం అనడం అసలు వాదనే కాదు, వీక్. మిరపకాయలు ఆరబోస్తే దుమ్ము పడుతుందని ఒకావిడ. ఆమె పక్కనే కూర్చున్న మరిది, “ఎర్రకాయ మీద ఎర్రదుమ్ము పడితే ఎవురికి తెలుస్తాదిలే” అన్నాడు. జనం పగలబడి నవ్వారు, అదీ పోయింది.

పదిహేడోది వచ్చేసరికి ఆయన పెన్ను ఆగింది. ‘సరోజమ్మ. నాకు ఊపిరి ఆడదు.’ అంతే రాసి ఉంది.

ముందు బెంచీలో కూర్చుని ఆమె కొడుకు వైపే చూస్తోంది. జాబెజ్ బోర్డు వైపు తిరిగాడు. తన తల్లిదని వదిలేస్తే న్యాయం ఎట్లా అవుతుంది? ఇందాకే దొడ్డమ్మ బర్రెను కొట్టేశాడు.

“అమ్మా, ఇది పర్సనల్ అయితాదమ్మా.”

“నేను పర్సన్నే గదప్పా” అంది సరోజమ్మ. దొరసానుల దగ్గర పనిచేసింది, ఆమాత్రం ఇంగ్లీషు ఆమెకూ వచ్చు.

“అట్ల గాదమ్మా. పదిమందికి వర్తించేది ఉండాల. నీ ఒక్కదాని ఆయాసం ఆ ఆఫీసరుకు ఎందుకు?”

“కోర్టులోనైనా సాక్ష్యమే గదా అడిగేది?”

టైము అవుతోంది అన్నాడు జాబెజ్. పదిహేడో నంబరు మీద ఎర్రగీత గీశాడు. తల్లిదైనా గీత గీతే.

చీకటి పడకముందే ముప్పై ఏడు పోయి ఒకటి మిగిలింది. దాన్ని ఆయన కన్నడంలో, ఇంగ్లీషులో అందంగా రాశాడు: ‘ప్రతిపాదిత ప్లాంటు నుండి వెలువడు ధూళి వలన ఈ ప్రాంత వ్యవసాయోత్పత్తి తగ్గగలదు.’ తెలుగులో చదివి వినిపిస్తే జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అబ్బో, ఎంత గట్టిగా ఉంది! విచారణ నాడు ఇంకెవరూ నోరు తెరవకూడదని, ఒక వీక్ మాట పడితే స్ట్రాంగు మాట విలువ కూడా పోతుందని జాబెజ్ ఒట్టు వేయించుకున్నాడు. హిందువులు మద్దిలేటి స్వామి మీద, క్రైస్తవులు ఊరికే తలూపి ఒట్టు పెట్టారు.

విచారణ రోజు బడి ఆవరణలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కంపెనీ వాళ్ళ బాదంపాలు. వేదిక మీద ఆఫీసరు, ఆయన పక్కన లావుపాటి రిజిస్టరుతో ఒక గుమాస్తా. కంపెనీ తరఫున టై కట్టుకుని నిలబడింది ఎవరనుకున్నారు? హనుమేష్! గురువును చూడగానే ఉరికొచ్చి కాళ్ళకు మొక్కాడు. “నాది ఇప్పుడు మాట్లాడే జాబే సార్. అంతా మీ పుణ్యం” అన్నాడు. జాబెజ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆఫీసరు మైకు పట్టుకుని విషయం చెప్పాడు. ఎవరు ఏం చెప్పినా రాసుకుంటారు. రాసుకున్న ప్రతి మాటకూ కంపెనీ జవాబు చెప్పాలి. జవాబు సరిపోకపోతే షరతు పెడతారు, షరతు కుదరకపోతే ఫైలు ఆగుతుంది. జాబెజ్ లేచి తన వాక్యం చదివాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. హనుమేష్ కూడా కొట్టాడు.

“మా గురువుగారి ఆర్గ్యుమెంటు చానా స్ట్రాంగు” అని మొదలుపెట్టాడు హనుమేష్. “దానికి మా జవాబు. దినానికి నాలుగుసార్లు నీళ్ళు చల్లిస్తాం. చుట్టూ మూడు వరసలు చెట్లు పెడ్తాం. పంట తగ్గిందని రుజువైతే పరిహారం ఇస్తాం.” మూడూ బలమైన జవాబులే, గురువు దగ్గర నేర్చుకున్నవే. గుమాస్తా రాసుకున్నాడు.

“ఇంకా ఎవురన్నా?” అన్నాడు ఆఫీసరు.

నూట యాభై మంది పెదవులు బిగించి జాబెజ్ మొహం చూస్తున్నారు.

ఆఫీసరుకే ఆశ్చర్యమేసింది. “ఒకటేనా? ఇదే ప్లాంటుకు ముందు పక్కూర్లో అడిగితిమి. అరవై మూడు అబ్జెక్షన్లు. ఒకాయమ్మ చింతచెట్టు మీద దయ్యం యాడికి పోవాలని అడిగింది. దానికి జవాబు రాయలేక వీళ్ళు ఆ ఊరే వదిలేసి మీ ఊరికొచ్చినారు” అని నవ్వాడు.

కంపెనీ వాళ్ళూ నవ్వారు. జాబెజ్ నవ్వలేకపోయాడు. ముప్పై ఏడు ప్రశ్నలు కంపెనీ మెడకు వేలాడవలసినవి, ఒక్కొక్కటీ తన చేత్తోనే తీసి పారేశాడు. పరీక్షలో ఒక్క జవాబే ఒప్పు. ఇక్కడ ప్రతి మాటకూ మార్కు ఉందని ఆయనకప్పుడు తెలిసింది.

ఇంతలో దొడ్డమ్మ లేచింది. ఒట్టు గిట్టు అన్నీ గాలికి వదిలేసింది. “అయ్యా సారూ! లారీలు మా ఇంటి ముందర పోతే నా బర్రె బెదురుతాది. అది పాలియ్యకపోతే నాకు గంజి యాడిది? ఆ దోవ బేడ, వద్దంటే వద్దు, అష్టే!” ఆమెకు మైకు అవసరం రాలేదు. గుమాస్తా రాశాడు. ఆఫీసరు మ్యాపు తిప్పి చూసి, హనుమేష్‌తో గుసగుసలాడి, అక్కడికక్కడే షరతు పెట్టాడు. లారీలు దొడ్డమ్మ వీధిలో పోకూడదు. రెండో దోవలో, మిషన్ లైను మీదుగా పోవాలి.

“మిషన్ లైను వాళ్ళకేమన్నా అభ్యంతరం ఉండాదా?” అన్నాడు.

వెనక వరసలో సరోజమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. జాబెజ్ గిరుక్కున తిరిగి చెయ్యి చూపించాడు. “నువ్వు కూర్చోమ్మా, నేను చెప్తా.” ఆమె కూర్చుంది. చెప్పడానికే ఆయన చూశాడు, ఆ మాట నిజం. ‘మా అమ్మకు ఊపిరాడదు’ అంటే చాలు, మూడు మాటలు. కానీ అది వీక్ కదా! శ్వాసకోశ వ్యాధులు గల వృద్ధుల శాతం... అని లోపల వాక్యం కట్టుకుంటున్నాడు. శాతం ఎంత? లెక్క లేకుండా శాతం అంటే వీక్. పోనీ ప్రజారోగ్యము దృష్ట్యా... దృష్ట్యా అంటే ఏ దృష్ట్యా? ఆఫీసరు మూడుసార్లు అడిగి గడియారం చూసుకున్నాడు. గుమాస్తా ‘నిల్’ అని రాసి పెన్ను మూశాడు. అందరూ భోజనాలకు లేచారు. జాబెజ్ వాక్యం తయారయ్యేసరికి కంపెనీ వాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు.

ఆ తరువాతది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉగాదికల్లా క్రషర్ తిరిగింది. లారీలు మిషన్ లైనులో సరోజమ్మ కిటికీకి నాలుగు అడుగుల దూరంలో పోయేవి. జాబెజ్ బళ్ళారిలో ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఈసారి ఆయన చేతిలో డాక్టరు చీటీ, ఎక్స్‌రే, తల్లి ఫోటో, అన్నీ ఉన్నాయి. ఆఫీసరు మంచివాడే, ఓపిగ్గా చూశాడు. “ఇది చానా మంచి పాయింటు గదప్పా. ఆ దినం ఎందుకు చెప్పలేదు?” అన్నాడు. జాబెజ్ ఎక్స్‌రే కవరులో పెట్టుకుని లేచాడు. సంగతి విని హనుమేష్ డజను మాస్కులు పంపించాడు.

దొడ్డమ్మ వీధిలో మాత్రం దుమ్ము తక్కువ. బర్రె ఈనింది. ఆమె రోజూ సరోజమ్మకు చెంబెడు పాలు తెచ్చిపెట్టేది, జాబెజ్ ఇంట్లో ఉంటే మాత్రం గడప దాటేది కాదు.

ఆషాఢం గాలి రాకముందే సరోజమ్మను హచ్చొళ్ళిలో కూతురు క్రిస్టీ దగ్గరికి పంపాలని తేలింది. అది కాలవ నీళ్ళ ఊరు, చుట్టూ వరి, గాలి శుభ్రంగా ఉంటుంది. ఈ సంగతి తల్లికి చెప్పేటప్పుడు జాబెజ్ మూడు కారణాలు చెప్పాడు. మూడూ స్ట్రాంగే. ఆమె ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, భర్త ఫోటో మీద దుమ్ము కొంగుతో తుడిచి, దాన్ని సంచిలో పెట్టుకుంది. ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి, “ఈ మందిరంలో నాకు చానా మేలు జరిగింది” అని మాత్రం అని కూర్చుంది.

సోమవారం మధ్యాహ్నం రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. ఆమె ముక్కుకు తడిగుడ్డ, ఆయన చేతిలో సంచి. హచ్చొళ్ళికి ఎక్కాల్సిన సిరుగుప్ప బస్సు దూరంగా కనబడింది. అప్పుడు జాబెజ్‌కు ఏమైందో ఏమో, సంచి గట్టిగా పట్టుకున్నాడు.

“అమ్మా, పోవద్దులేమ్మా” అన్నాడు.

సరోజమ్మ ఆయన వైపు చూసింది. “ఎందుకప్పా?”

ఆయన కారణం కోసం వెతికాడు. డాక్టరు చెప్పింది పోవాలనే. గాలి పోవాలంటోంది, క్రషర్ పోవాలంటోంది, తను చెప్పిన మూడు కారణాలూ పోవాలనే అంటున్నాయి. ఉండమనడానికి ఒక్కటీ దొరకలేదు. నలభై మూడేళ్ళ మనిషి నడిరోడ్డు మీద ఏడ్చేశాడు.

“నువ్వు లేకుంటే నాకు బాగుండదమ్మా” అన్నాడు.

బస్సు వచ్చి ఆగింది. సరోజమ్మ కొంగుతో కొడుకు మొహం తుడిచింది, సంచి తీసుకుంది, ఆయాసపడుతూ మెట్టు ఎక్కింది. ఎక్కి వెనక్కి తిరిగింది.

“ఆ పొద్దు బడి కాడ నాకూ ఇట్లాంటి మాటే ఉన్నిందప్పా” అంది.

కండక్టరు విజిల్ వేశాడు.